ఎత్తు సరే... ఓపిక సంగతేంటి?

సెలవులు దగ్గర పడగానే చాలా ఇళ్లలో ఒకటే చర్చ. ‘‘బాబుకు మూడేళ్లు వచ్చేశాయి కదా, ఈసారి థీమ్ పార్కుకు తీసుకెళ్దామా?’’ అని అమ్మ అడుగుతుంది. ‘‘ఇంకా టికెట్ కూడా అక్కర్లేదు, ఇప్పుడు వెళ్తేనే లాభం’’ అంటాడు నాన్న. ‘‘అంత చిన్నోణ్ని పట్టుకుని ఆ ఎండలో ఏం తిరుగుతార్రా’’ అని నానమ్మ అడ్డుపడుతుంది. ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత న్యాయం ఉంది. కానీ ముగ్గురూ వేసుకోని ప్రశ్న ఒకటుంది. ఈ ప్రయాణం ఎవరి కోసం?

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. పిల్లల కోసమే అయితే, పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరే దగ్గరి పార్కుకు అయిదారేళ్లు వచ్చేదాకా ఆగడం మేలు. విమానమెక్కి వెళ్లి, హోటల్లో ఉండి మూడు నాలుగు రోజులు తిరగాల్సిన డిస్నీల్యాండ్ లాంటి వాటికి ఏడెనిమిదేళ్లు. ఇదేమీ చట్టం కాదు. ఎందుకలా అంటున్నానో చదివి, మీ పిల్లల తీరును బట్టి మీరే తేల్చుకోండి.

కొలబద్ద చెప్పేది కొంతే

ప్రతి పెద్ద రైడ్ దగ్గరా ఎత్తు కొలిచే గీత ఒకటి ఉంటుంది. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో ‘స్పేస్ మౌంటెన్’ ఎక్కాలంటే కనీసం 102 సెంటీమీటర్ల ఎత్తుండాలి. మన దేశంలోని పార్కుల్లో 140 సెంటీమీటర్లు అడిగే రైడ్లు కూడా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల ప్రకారం మూడేళ్ల పిల్లల సగటు ఎత్తు దాదాపు 95 సెంటీమీటర్లు. నాలుగేళ్లకు 103, అయిదేళ్లకు 110 దాకా వస్తుంది. పదేళ్లకు కూడా 138 దగ్గరే ఉంటుంది. అంటే మూడేళ్ల బిడ్డకు పార్కులో చాలా రైడ్లు చూడ్డానికే తప్ప ఎక్కడానికి కావు. టికెట్ లేకుండా లోపలికి వెళ్లిన బిడ్డ, అన్న ఎక్కిన రైడ్ కింద అమ్మ చంకలో ఏడుస్తూ ఉంటాడు.

ఇక్కడే ఇంకో తమాషా కూడా చూస్తుంటాం. టికెట్ కౌంటర్ దగ్గర ‘‘కాస్త వంగి నిలబడరా’’ అన్న నాన్నే, రైడ్ దగ్గరికి వచ్చేసరికి ‘‘మునివేళ్ల మీద లెయ్’’ అంటాడు. మొదటి దాంతో మిగిలేవి నాలుగు డబ్బులు. రెండో దాంతో పణంగా పెట్టేది బిడ్డ ప్రాణం. సీటు మీద బిగించే ఇనుప కడ్డీ ఫలానా కొలత ఉన్న ఒంటిని పట్టి ఉంచేలా తయారవుతుంది. అంతకన్నా చిన్న ఒళ్లు దాని కింద నుంచి జారిపోవచ్చు. కాబట్టి అక్కడి ఉద్యోగి ‘కుదరదు’ అంటే వాదించకండి. ఆయన మన బిడ్డ పక్షానే మాట్లాడుతున్నాడు.

అయితే కొలబద్ద ఒంటిని మాత్రమే కొలుస్తుంది. మధ్యలో భయమేస్తే కడ్డీ వదలకుండా కూర్చోగలడా, ముప్పావుగంట క్యూలో నిలబడగలడా అన్నది దానికి తెలియదు. అది మనమే చూసుకోవాలి.

చిన్న ఒంటికి పెద్ద రోజు

మూడు నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పార్కుకు వెళ్లే రోజున పొద్దున్నే లేపేస్తాం. మధ్యాహ్నం కునుకు ఉండదు. భోజనం వేళ తప్పుతుంది. పాటల హోరు, జనం, అలవాటు లేని తిండి. సాయంత్రానికి బిడ్డ నేల మీద పడి దొర్లితే దాన్ని మొండితనం అనుకుంటాం. నిజానికి ఆ ఒంటికి అంతకు మించి ఓపిక లేదు.

ఎండ సంగతి మరీ ముఖ్యం. పిల్లల బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం వైశాల్యం ఎక్కువ, పట్టే చెమట తక్కువ. అందుకే బయటి వేడి వాళ్ల ఒంట్లోకి త్వరగా చేరుతుంది. ఆటలో పడితే దాహం కూడా చెప్పరు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో ఆ వయసు వాళ్లను పగలంతా ఆరుబయట తిప్పడం సరికాదు. వెళ్లాలనుకుంటే దసరా తర్వాతో, సంక్రాంతికో వెళ్లండి. మూత్రం తగ్గినా, ముదురు పసుపులోకి మారినా, బిడ్డ నీరసంగా ఉన్నా వెంటనే నీడకు చేర్చి ఓఆర్ఎస్ తాగించాలి. మగతగా ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

భయం ఇంకొకటి. మూడు నాలుగేళ్ల వాళ్లకు నిజానికీ, కల్పనకూ మధ్య గీత ఇంకా స్పష్టంగా ఉండదు. టీవీలో చూసి మురిసిపోయిన బొమ్మే ఆరడుగుల వేషంలో ఎదురైతే హడలిపోతారు. ఫొటో కోసం ఆ చేతుల్లోకి తోయకండి.

కాస్త పెద్దయితే అన్నీ సర్దుకుంటాయనీ కాదు. ప్రయాణాల్లో, గుండ్రంగా తిరిగేవాటిలో వచ్చే వికారం రెండేళ్ల లోపు వాళ్లలో అరుదు. ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య అది ఎక్కువ. ఆ వయసు వాళ్లకు తేలికగా తినిపించి, కాసేపు ఆగాకే రైడ్లు ఎక్కించాలి.

‘గుర్తుండదు కదా’ అంటే...

‘‘ఇప్పుడు తీసుకెళ్లినా పెద్దయ్యాక వాడికి ఏం గుర్తుంటుంది?’’ అని చాలామంది అంటారు. నిజమే. పెద్దవాళ్లలో ఎక్కువమందికి మూడు, మూడున్నరేళ్లకు ముందు సంగతులేవీ గుర్తుండవు. కానీ ఈ వాదన నాకు నచ్చదు. గుర్తుండదని లాలిపాట పాడటం మానేస్తామా? గుర్తున్నా లేకున్నా ఆ పూట బిడ్డ సంతోషంగా ఉంటే చాలు. మన అనుమానమల్లా ఆ పూట సంతోషంగా గడుస్తుందా అన్నదే.

నలుగురున్న కుటుంబానికి టికెట్లు, ప్రయాణం, తిండి కలిపితే మధ్యతరగతి జీతంలో పెద్ద ముక్కే పోతుంది. విదేశీ ప్రయాణమైతే కొందరు అప్పు చేసి మరీ వెళ్తున్నారు. పెట్టిన ఖర్చు ఎంత పెద్దదైతే ఆశ కూడా అంత పెరుగుతుంది. ‘‘ఇంత డబ్బు పోసి తీసుకొస్తే ఏడుస్తావా?’’ అంటూ క్యూ మధ్యలో బిడ్డ వీపు మీద చరిచే తల్లిదండ్రులు అలాంటి చోట్ల కనిపిస్తూనే ఉంటారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, అలసిపోయారంతే. కానీ బిడ్డ అక్కడ దెబ్బ తిన్నది అల్లరికి కాదు, తన వయసుకు. తొందరపడొద్దని నేననేది ముఖ్యంగా ఇందుకే.

ముందు తిరునాళ్లకు వెళ్లి చూడండి

మీ బిడ్డ సిద్ధంగా ఉన్నాడో లేదో తెలుసుకోవడానికి వేల రూపాయలు అక్కర్లేదు. ఊళ్లో తిరునాళ్ల జరుగుతుంది. ఏటా జనవరిలో హైదరాబాద్ నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది. ఒక సాయంత్రం రెండు మూడు గంటలు తిప్పి, రంగులరాట్నం ఎక్కించి చూడండి. ఎత్తుకోమని అడగకుండా గంటసేపు నడుస్తున్నాడా? తన వంతు వచ్చేదాకా పావుగంట ఆగుతున్నాడా? మూత్రం వస్తోందని ముందే చెబుతున్నాడా? ‘భయమేస్తోంది, నేను ఎక్కను’ అని నోరు తెరిచి అంటున్నాడా? తప్పిపోతే తన పేరు, మీ ఫోన్ నంబరు చెప్పగలడా? ఈ అయిదింటిలో నాలుగింటికి అవునని జవాబొస్తే నిశ్చింతగా బయల్దేరండి. లేదంటే ఇంకో ఏడాది ఆగండి.

కొందరి విషయంలో వయసు లెక్క ఒక్కటే పనికిరాదు. మూర్ఛ, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నా, ఈమధ్యే ఆపరేషన్ అయినా ముందు డాక్టర్‌ని అడగాలి. చల్లటి గాలి ఉబ్బసాన్ని రేపుతుంది కాబట్టి మంచు గదుల విషయంలో మరింత జాగ్రత్త. ఆటిజం ఉన్న పిల్లలకు ఎనిమిదేళ్లు వచ్చినా ఆ హోరు భరించలేనిది కావచ్చు. జనం తక్కువుండే మామూలు రోజున, చెవులు కప్పే హెడ్‌ఫోన్స్‌తో కాసేపు వెళ్లొస్తే చాలు. నెలల పిల్లల్ని మాత్రం కుదుపులుండే ఏ రైడ్‌లోనూ ఒళ్లో పెట్టుకుని కూర్చోవద్దు. వాళ్ల మెడ ఆ కుదుపును ఆపుకోలేదు.

నీటి ఆటల దగ్గర ఒక్క నియమం చాలు. చిన్నపిల్లలు మీ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. మునిగిపోయే బిడ్డ సినిమాల్లోలా కేకలు వేయదు. మోకాలి లోతు నీళ్లలో కూడా చప్పుడు లేకుండా మునిగిపోతుంది. గాలి ఊదిన ట్యూబులు ఆట వస్తువులు మాత్రమే, రక్షణ కాదు.

ఇద్దరు పిల్లలుంటే?

పెద్దదానికి తొమ్మిది, చిన్నోడికి మూడు. చిన్నోడి కోసం పెద్దదాన్ని ఎన్నాళ్లు ఆపుతారు? ఆపక్కర్లేదు. చిన్నోణ్ని అమ్మమ్మ దగ్గర వదిలి, పెద్దదానితో ఒక్క రోజు వెళ్లి రండి. అమ్మానాన్నలు తనకే దొరికిన ఆ రోజు దానికి రైడ్ల కన్నా ఎక్కువ ఆనందం. అందరూ వెళ్లక తప్పదంటే వంతులు వేసుకోండి. డిస్నీ పార్కుల్లో ఒకరు చిన్న బిడ్డతో ఉండి మరొకరు ఎక్కి వచ్చాక, రెండోవారు మళ్లీ మొదటి నుంచి క్యూలో నిలబడకుండా ఎక్కే వీలుంది. అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చినప్పుడు అందరూ కలిసి ఆర్లాండో ప్రయాణం కట్టే అమెరికా తెలుగు కుటుంబాలకు ఇది పనికొస్తుంది. అయితే పిల్లల కాపలా మొత్తం మోకాళ్ల నొప్పుల తాతయ్య మీద వేయకండి.

చివరగా, ఇందాక పిల్లలకు పెట్టిన పరీక్ష లాంటిదే మనకూ ఒకటుంది. మధ్యాహ్నం రెండింటికల్లా బిడ్డ అలసిపోయి ‘‘ఇంటికెళ్దాం’’ అంటే, సగం రైడ్లు మిగిలి ఉన్నా, కట్టిన డబ్బు గుర్తొస్తున్నా, విసుక్కోకుండా వెనక్కి రాగలరా? రాగలం అనుకుంటే నాలుగేళ్ల బిడ్డతో వెళ్లినా ఫర్వాలేదు. రాలేం అనిపిస్తే ఈ సెలవులకు తిరునాళ్లతో సరిపెట్టండి. పార్కు వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది.