నాలుగు సున్నాల దర్వాజా

మా మొహల్లా పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపిపెట్టే పని కొన్నేళ్లుగా నలుగురం కలిసి చేస్తున్నాం. రిజిస్టర్లు మోయలేక ఈసారి జాంగోలో చిన్న అప్లికేషన్ కట్టాం. కట్టింది నా భాంజా. పక్కన కూర్చుని సవాళ్లు వేయడం నా పని. (సవాల్ అంటే ఉర్దూలో ప్రశ్న, తెలుగులో ఛాలెంజ్. నావి రెండూ అంటాడు వాడు.) జాంగో అంటే నాకు ముహబ్బత్. అది పుట్టింది పత్రికాఫీసులో! అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ జర్నల్-వరల్డ్ పత్రికవాళ్లు తమ కోసం రాసుకుని, 2005లో లోకానికి ఇచ్చేశారు.

డేటా మాత్రం క్లౌడ్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో పెట్టాం. సెట్టింగ్స్ ఫైల్లో హోస్ట్, పోర్ట్, పేరు, పాస్‌వర్డ్ రాస్తే చాలు, ఐదారు లైన్లు. రాశాడు. లాప్‌టాప్ నుంచి కలిపితే చాలాసేపు ఊరించి 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అంది. ఎక్కడో చదివి, సెక్యూరిటీ గ్రూప్‌లో 0.0.0.0/0 అని పెట్టాడు. వెంటనే కలిసింది. "హో గయా మామూ!" అని ఫోన్ కూడా చేశాడు. నేను షాబాష్ అన్నాను. గల్తీలో నా హిస్సా అది.

ఆ నాలుగు సున్నాల అర్థం నాకు పదకొండు రోజుల తర్వాత తెలిసింది. దునియాలో ఏ ఐపీవీ4 అడ్రస్ నుంచైనా వచ్చి తలుపు తట్టొచ్చని ఇజాజత్ ఇవ్వడం! లోపల ఏమున్నాయి? పిల్లల పేర్లు, అబ్బాల ఆదాయాలు, బ్యాంకు ఖాతాలు, అమ్మీల ఫోన్ నంబర్లు. అవి మా ముఖాలు చూసి ఇచ్చిన అమానత్.

"పాస్‌వర్డ్ ఉంది కదా మామూ" అన్నాడు. ఉంది, సెట్టింగ్స్ ఫైల్లో. ఆ ఫైల్ గిట్‌లో, ఆ గిట్ ఇద్దరు దోస్తుల దగ్గర. "మన చిన్న మొహల్లాని ఎవరు చూస్తారు?" అన్నాడు. మనిషి చూడనక్కర్లేదు భాయ్, 5432 పోర్టు ఎక్కడ తెరిచి ఉందా అని వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములు రాత్రీపగలూ ఉంటాయి.

నా షికాయత్ వాడి మీద కాదు, అలా నేర్పేవాళ్ల మీద. 'టెస్టింగ్ కోసమే' అంటారు. టెస్టింగ్ టేబుల్లోకే సోమవారం నుంచి అసలు మనుషులు వచ్చి చేరతారు. కలవకపోవడం ఎప్పుడూ రోగం కాదు. 'టైమ్డ్ అవుట్' వస్తే చాలాసార్లు చౌకీదార్ తన డ్యూటీ చేస్తున్నాడని అర్థం. పాస్‌వర్డ్ తప్పని జవాబొస్తే దర్వాజా దాకా చేరినట్టు. 'రెఫ్యూజ్డ్' అంటే సాధారణంగా ఆ పోర్టులో వినే నాథుడు లేనట్టు. ఎర్రర్ చదవడం నేర్పకుండా గోడ కూల్చడం నేర్పుతున్నారు.

ఒక సాయంత్రమంతా కూర్చుని సరిచేశాం. డేటాబేస్‌కు పబ్లిక్ యాక్సెస్ తీసేశాం. అప్లికేషన్ సర్వర్‌ సెక్యూరిటీ గ్రూప్ నుంచి తప్ప 5432కి ఎవరూ రాకూడదన్నాం. లాప్‌టాప్ నుంచి పని ఉంటే ఆ సర్వర్ మీదుగా ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్. పాస్‌వర్డ్ మార్చి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టాం. ఫైల్లోంచి చెరిపితే సరిపోదు, గిట్ పాతవన్నీ యాద్ ఉంచుకుంటుంది. ఇక ఎస్‌ఎస్‌ఎల్ మోడ్ దగ్గర నేను హైరాన్ అయ్యాను. మనం ఏమీ చెప్పకపోతే అది 'ప్రిఫర్'. అవతల ఎన్‌క్రిప్షన్ ఉంటే సరే, లేకపోతే చప్పుడు చేయకుండా బహిరంగంగానే మాట్లాడేస్తుంది. 'రిక్వైర్' అంటే మాట దాస్తుంది గానీ, అవతలివాడు అసలువాడా నకిలీయా అని సర్టిఫికెట్‌లో హోస్ట్ పేరు చూడదు. 'వెరిఫై-ఫుల్' పెట్టాం.

ఆ పదకొండు రోజుల్లో ఎవరైనా లోపలికొచ్చారా అని అడిగాను. కనెక్షన్ల లాగ్ మేం ఆన్ చేయనేలేదు. తెలుసుకునే రాస్తా లేదు. ఈ సంగతి ఆ అమ్మీలకు చెప్పాలా వద్దా అని నలుగురం ఇంకా వాదించుకుంటున్నాం. చెప్పాలనే నా రాయ్.