పాదరక్షణము - నర్సుల స్వతంత్రవృత్తి

దేహభారమునెల్ల మోయునవి పాదములు. అయినను ఇతరావయవములకు లభించిన వైద్యగౌరవము మనదేశమున పాదములకు ఇంతవరకు లభింపలేదు. కంటికి వైద్యుడు కలడు, పంటికి వైద్యుడు కలడు. గుండెకును మూత్రపిండములకును ప్రత్యేకమైన ఆసుపత్రులే వెలసినవి. కాలిగోరు కండలోనికి దిగినపుడుగాని, అరికాలున ఆనెకాయ లేచినపుడుగాని ఎవరికడకు పోవలయునో చదువుకొన్న పట్టణవాసులకు సైతము తెలియదు. అందుచేత జనులు తమ పాదములను మంగలికత్తికో, ఇంటనున్న బ్లేడునకో, మందులంగడిలో అమ్ము ఆమ్లపు పట్టీకో అప్పగించుచున్నారు. ఆరోగ్యవంతునకు దీనివలన కలుగు నష్టము స్వల్పము. మధుమేహరోగికి మాత్రము ఇదియే కాలు పోవుటకు మొదటిమెట్టు కావచ్చును. కెనడా, అమెరికా దేశములలో నర్సులు పాదరక్షణమును స్వతంత్రవృత్తిగా చేపట్టి, తమ పేరిట చిన్న కేంద్రములు తెరచియు, రోగుల యిండ్లకు పోయియు ఈ లోటును కొంతవరకు తీర్చుచున్నారు. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములందును అట్టి వృత్తికి చట్టబద్ధమైన మార్గము తెరువవలసిన సమయము వచ్చినదని మా దృఢాభిప్రాయము.

రోగవ్యాప్తిని ముందుగా గమనింతము. భారత వైద్యపరిశోధనామండలి ఆధ్వర్యమున జరిగిన దేశవ్యాప్త పరిశీలనయొక్క ఫలితములు 2023లో వెలువడినవి. వానినిబట్టి మనదేశమున మధుమేహము కలవారు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది; ఆ వ్యాధికి చేరువనున్నవారు 13 కోట్ల 60 లక్షలమంది. మధుమేహరోగులలో నూటికి 19 మొదలు 34 మంది వరకు జీవితకాలమున ఎప్పుడో ఒకప్పుడు కాలిపుండునకు లోనగుదురని 2017లో ప్రకటితమైన వైద్యసమీక్ష తెలుపుచున్నది. ఈ రోగులకు కాలు తీసివేయవలసి వచ్చిన సందర్భములలో నూటికి సుమారు 85 చోట్ల ముందుగా కనబడినది ఒక చిన్న పుండే. పుండు పుట్టకుండ చూచినను, పుట్టిన దినముననే పట్టుకొన్నను పెక్కు కాళ్ళు నిలుచుననుటకు ఇంతకుమించిన నిదర్శనము అక్కరలేదు.

పుండు పుట్టు విధము సామాన్యులకు తెలియవలసినది. రక్తమున చక్కెర చిరకాలము హెచ్చుగానుండుటచే పాదములలోని నాడులు చెడి స్పర్శజ్ఞానము నశించును. ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పులో రాయి చేరినను రోగికి తెలియదు. మధ్యాహ్నపుటెండలో గుడిచుట్టు ప్రదక్షిణము చేసి అరికాళ్ళు బొబ్బలెక్కినను, ఇంటికి వచ్చి వస్త్రమునకు రసి అంటినపుడుగాని కనుగొనడు. చెమట తగ్గి చర్మమెండి మడమలు పగులును. వ్రేళ్ళు వంగి, భారమంతయు ఒక్కచోట పడి, ఆ చోట కాయ కాచును. ఆ కాయ క్రింద కండ చితికి పుండగును. రక్తనాళములుకూడ సన్నగిల్లినవో, ఆ పుండు మానదు. ఇంతవరకును బాధ లేకుండుటయే ఈ వ్యాధిలోని మోసము. నొప్పి లేదు గనుక రోగి వైద్యునికడకు పోడు. పోవునప్పటికి వ్రేలు నల్లబడియుండును.

బాధ తెలియకపోవుటయే అవయవనాశమునకు మూలమను ఈ జ్ఞానము మనకు పరాయిదేశమునుండి రావలసినది కాదు. మన చిత్తూరునకు సమీపమున, తెలుగువారు తరతరములుగా వైద్యమునకై పోవు వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టరు పాల్ బ్రాండు 1946లో ప్రవేశించి కుష్ఠరోగులకు సేవచేసెను. కుష్ఠరోగుల వ్రేళ్ళు రోగముచే తమంతట కుళ్ళి రాలుననెడి అపోహను ఆయన తొలగించెను; నొప్పి తెలియని అవయవమునకు దినదినము తగులు గాయములే దానిని హరించునని నిరూపించెను. ఆయనయు, ఆయన సహచరులును మెత్తని సూక్ష్మరంధ్రపు రబ్బరుతో చెప్పులు చేయించి ఆ రోగుల పాదములను కాపాడిరి. 1966లో ఆయన అమెరికాలోని కార్‌విల్ ఆసుపత్రికి పోయి అదే జ్ఞానమును మధుమేహరోగుల పాదములకు వినియోగించెను. మన ముంగిట పుట్టిన విద్య సముద్రములు దాటి అన్యులకు ఉపకరించుచుండగా మన పల్లెలకు నేటికిని చేరకుండుట శోచనీయము.

ఇట్టి పాదములకు కావలసిన శుశ్రూష స్వరూపమేమి? పది గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను పోగును అరికాలున తాకించి స్పర్శ కలదో లేదో చూడవలయును. పాదము పైభాగమునను చీలమండ వెనుకను నాడి కొట్టుకొనుచున్నదో లేదో పరీక్షింపవలయును. వ్రేళ్ళ సందులు విప్పి చూడవలయును. గోళ్ళను అడ్డముగా తిన్నగా తీయవలయును. కాయలను నేర్పుతో పలుచన చేయవలయును. చెప్పులు పాదమునకు సరిపడినవో లేవో చూడవలయును. వట్టికాళ్ళతో నడువరాదనియు, వేడినీళ్ళలో కాళ్ళు నానవేయరాదనియు, మడమలకు నూనె రాయవచ్చునుగాని వ్రేళ్ళ సందులలో రాయరాదనియు ఇంటివారికి బోధింపవలయును. ఆపద తక్కువగానున్నవారిని ఏటికొకసారియు, ఆపద మిక్కుటముగానున్నవారిని నెలకు లేక మూడునెలలకు ఒకసారియు చూడవలయునని అంతర్జాతీయ మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఈ పనికి శస్త్రవైద్యుని కాలము వెచ్చింపనక్కరలేదు. ఓర్పు, శుచిత్వము, రోగితో మాటలాడు నేర్పు, ప్రమాదలక్షణములను గుర్తించు చదువు దీనికి ముఖ్యము. ఇవన్నియు నర్సుల శిక్షణలోనే కలవు.

స్వతంత్రముగా వృత్తిచేయు నర్సు నూతనసృష్టి కాదు. 1893లో న్యూయార్కు నగరపు పేదలవాడలో లిలియన్ వాల్డు అను నర్సు నివాసమేర్పరచుకొని, ఇంటింటికి పోయి చికిత్సచేసి, ఇయ్యగలవారికడ స్వల్పరుసుము గ్రహించెను. 1909లో ఒక గొప్ప జీవితబీమాసంఘము తన పాలసీదారుల యిండ్లకు నర్సులు పోవుటకై స్వయముగా ధనమిచ్చుటకు అంగీకరించెను. నర్సు వలన ఆయువు నిలిచినచో తమ ధనమును నిలుచునని ఆ వర్తకులు గ్రహించిరి. నేటి కెనడాలో పాదరక్షణ నర్సు తన రాష్ట్రపు నర్సుల మండలియందు నమోదై, తన తప్పునకు తానే బాధ్యురాలై, బీమా పొంది, పనిముట్లను ఆవిరియంత్రమున శుద్ధిచేసి వాడును. అమెరికాలో ఈ నైపుణ్యమును పరీక్షించి యోగ్యతాపత్రమిచ్చు మండలియు కలదు. అయితే అచ్చటి వ్యవస్థయందు ఒక గొప్ప లోపమున్నది. అమెరికాలో వృద్ధులకై ఏర్పడిన ప్రభుత్వ బీమా సామాన్యముగా గోళ్ళు తీయుట వంటి నిత్యశుశ్రూషకు ధనమియ్యదు; రోగియే చెల్లింపవలయును. కాబట్టి ధనము కలవాని పాదములకు నర్సు దొరకును, లేనివాడు వేచియుండును. మనము వారి వృత్తిని అనుసరింపవచ్చునుగాని వారి లోపమును అనుసరింపరాదు.

ఇక ఆక్షేపణలు. నర్సు తన పేరిట బల్ల కట్టి కూర్చున్నచో నాటువైద్యము పెరుగునని కొందరు వైద్యులు శంకింతురు. ఈ శంక తోసిపుచ్చదగినది కాదు. నాడి అందని పాదముపై కత్తి పెట్టుట ప్రమాదకరము. నల్లబడిన వ్రేలును, జ్వరముతోకూడిన వాపును ఇంటిలో కట్టుకట్టి ఉంచుట మహాపరాధము. నర్సు పనికి హద్దు గీయుటయే దీనికి మందు. ఆ హద్దు దాటిన రోగిని ఆ దినముననే శస్త్రవైద్యునికడకు పంపవలయునని నియమము చేయవలయును. నిషేధమువలన మాత్రము ఫలములేదు. నర్సు లేనిచోట రోగి శస్త్రవైద్యునికడకు పోవుటలేదు, బ్లేడునకు పోవుచున్నాడు. తెలంగాణ ప్రభుత్వము 2017లో కరీంనగరున నర్సులకు ప్రత్యేకశిక్షణ యిచ్చి ప్రసవములను స్వయముగా నిర్వహింపగల మంత్రసానులుగా తీర్చుటకు ఆరంభించెను. మరుసటి సంవత్సరమే కేంద్రప్రభుత్వము అట్టి మంత్రసానుల సేవకై దేశమంతటికి మార్గదర్శకములు ప్రకటించెను. తల్లిబిడ్డల ప్రాణములను నర్సు చేతిలో ఉంచుటకు వెనుదీయని ప్రభుత్వములు కాలిగోరును ఆమె చేతిలో ఉంచుటకు సందేహించుట యుక్తము కాదు.

రెండవ ఆక్షేపణ మరింత సూక్ష్మమైనది. శుశ్రూష సేవ, దానికి వెలకట్టి వ్యాపారము చేయుట తగునా అని అడుగువారు కలరు. ఈ ప్రశ్నను వైద్యునిగూర్చి ఎవరును అడుగరు. నర్సునుగూర్చి మాత్రమే అడుగుదురు. సేవయను పవిత్రశబ్దము క్రింద ఎందరి కూలి అణచివేయబడినదో విచారింపవలయును. ప్రైవేటు ఆసుపత్రులలోని నర్సుల దుస్థితిపై వ్యాజ్యము నడచి 2016లో సుప్రీంకోర్టు ఆదేశింపగా ఏర్పడిన సంఘము, 50 పడకలకు తక్కువైన ఆసుపత్రిలో సైతము నర్సునకు నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఇయ్యరాదని సిఫారసు చేసెను. అంతమాత్రపు వేతనము నిర్ణయించుటకే దేశపు అత్యున్నత న్యాయస్థానము పూనుకొనవలసివచ్చెననిన, వారి శ్రమకు మనమిచ్చు విలువ ఏపాటిదో తెలియుచున్నది. తెలంగాణ ప్రభుత్వసంస్థయగు టామ్‌కామ్ మన నర్సులకు జర్మను భాష నేర్పించి ఆ దేశమున ఉద్యోగములకు పంపుచున్నది. పోవువారిని మేము నిందింపము. గౌరవముతో బ్రదుకుట ఎవరికైనను హక్కే. స్వదేశమున గౌరవము లభించు వృత్తి చూపకుండ వారి దేశభక్తిని శంకించుట అన్యాయము.

పాదములు తాకు పని నీచమను భావము మన సంఘమున ఇంకను చావలేదు. అతిథి కాళ్ళు కడుగుట పుణ్యమనియు, పెద్దల పాదములకు మ్రొక్కుట ధర్మమనియు చెప్పు సంఘమే, రోగి పాదము పట్టుకొని గోరు తీయు చేతిని తక్కువగా చూచుచున్నది. 1939లో సేవాగ్రామమునకు వచ్చిన కుష్ఠరోగి పర్చూరే శాస్త్రికి మహాత్ముడు తన చేతులతో శుశ్రూషచేసెను. ఆ చేతులకంటె మన చేతులు పవిత్రములా?

కార్యము విషయమున మా సూచనలు ఇవి. 1947నాటి నర్సింగు మండలి చట్టమునకు బదులుగా పార్లమెంటు 2023లో నర్సింగు, మంత్రసానుల జాతీయకమిషను చట్టమును చేసెను. దానిక్రింద నియమములు కూర్చునపుడు పాదరక్షణమును నర్సులు స్వతంత్రముగా చేయదగిన వృత్తులలో చేర్చవలయును. ఉభయరాష్ట్రముల నర్సుల మండలులును పాఠ్యక్రమమును, పరీక్షను, యోగ్యతాపత్రమును ఏర్పరుపవలయును. ఒకరికి వాడిన పనిముట్టును శుద్ధిచేయక మరియొకరికి వాడరాదనియు, ప్రతి పాదపరీక్షను వ్రాసియుంచవలయుననియు నిర్బంధము చేయవలయును. ఈ కేంద్రమునకు పెద్ద భవనముగాని, విలువైన యంత్రములుగాని అక్కరలేదు గనుక సహకార బ్యాంకులు స్వల్పవడ్డీకి మూలధనము సమకూర్పవచ్చును.

పేదల మాట ఇంతకంటె ముఖ్యము. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ మొదలుకొని మన ప్రభుత్వ వైద్యపథకములు ప్రధానముగా ఆసుపత్రిలో చేరినవారి చికిత్సకు ధనమిచ్చునవి. కాలు తీయుటకు ఖజానానుండి వేలకొలది రూపాయలు వెడలుట సాధ్యమైనపుడు, కాలు నిలుపుటకు నర్సునకు కొద్దిపాటి రుసుము చెల్లించుట అసాధ్యమెట్లగును? గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుట అనగా ఇదియే. పేదరోగుల పాదపరీక్షకు ప్రభుత్వమే నర్సులకు రుసుము చెల్లించు పద్ధతిని ఒక్కొక్క జిల్లాయందు ముందుగా పరీక్షించి చూడవలయును. 1909లో బీమావర్తకులు కనుగొన్న లెక్క మన ఆర్థికశాఖకు అర్థముకాకుండుటకు కారణము లేదు.

ప్రభుత్వము కదలువరకు ప్రజలు చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. మాగాణులలో బురదలోను, మెట్టచేలలో ముండ్లపైనను వట్టికాళ్ళతో పనిచేయువారి కష్టముచేతనే భూస్వాముల గాదెలు నిండుచున్నవి. వారిలో మధుమేహరోగులెందరో వారికే తెలియదు. ఊరిలోని పెద్దరైతు నెలకొకదినము తన యింటి అరుగును ఒక శిక్షితురాలగు నర్సునకు ఇచ్చి, కూలివారి పాదములను చూపించి, ఆమె రుసుమును తాను చెల్లించినచో అది అన్నదానమునకు తీసిపోదు. పట్టణములందు వర్తకసంఘములును, దేవాలయ ధర్మకర్తలును ఇట్లే చేయవచ్చును. స్తోమతు గలవారు తమ యింటి వృద్ధుల పాదములకై నర్సును పిలిచినపుడు వైద్యునకిచ్చునట్లే ఆమెకును రుసుమిచ్చి గౌరవముతో పంపవలయును.

తన చదువునకు తగిన పనిని తన పూచీపై చేసికొనుటకు ఒక వర్గమువారు అనుజ్ఞ కోరుటయే ఇచ్చటి విషయము. ఆ అనుజ్ఞవలన వారికి జీవనమును, దేశమునకు వేలకొలది నిలిచిన కాళ్ళును దక్కును. నర్సుల సంఘములు ఈ కోరికను స్పష్టమైన నియమావళిగా వ్రాసి ఉభయ ప్రభుత్వముల ముందు ఉంచవలయునని కోరుచున్నాము. శాసనసభ్యులు రానున్న సమావేశములందు దీనినిగూర్చి ప్రశ్నింతురుగాక. పాఠకులు మాత్రము అంతవరకు ఆగక, ఈ రాత్రియే దీపపు వెలుగున తమ యింటి పెద్దల అరికాళ్ళను ఒకమారు చూతురుగాక.