పిడివాదం

"పిడే కదా, అల్యూమినియం పైపు వంచి అతికిస్తే పోలా?" అనే మాట మా సింహాద్రిపురం ప్రాంతంలో తరచుగా వినవస్తున్నది. చెట్లు కోసే చైన్ రంపానికి పిడి విరిగినప్పుడు, వెల్డింగు అంగడి ముందు నిలబడి రంపం యజమాని అనే మాట ఇది. ఈ మాటతోనే నాకు పేచీ. పిడిని గురించిన వాదం గనుక దీనిని పిడివాదమని మిత్రులు ఎగతాళి చేసినా నాకు అభ్యంతరం లేదు.

పిడి అంటే పట్టు. పిడికిలి, పిడికెడు, పిడిగుద్దు, పిడిబాకు అన్నీ ఆ ఇంటివే. తమిళులకూ పట్టుకోవడం పిడియే. కన్నడిగులు అలవాటు చొప్పున పకారాన్ని హకారం చేసి హిడి అంటారు. ఆ పేరు పెట్టినవాడు పనిముట్టును చూసి పెట్టలేదు, చేతిని చూసి పెట్టాడు. పోనీ అన్నింటికీ ఒకే పేరుతో సరిపెట్టాడా? నాగలికైతే మేడి, గొడ్డలికైతే కామ, కొడవలికైతే పిడి. మేడి చెక్కే వడ్రంగి దున్నేవాని ఎత్తు చూసుకొనేవాడు. కామ చేసేవాడు దెబ్బ అదురు అరచేతికి ఎక్కనివ్వని కొయ్య కోసం వెతికేవాడు. ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితునికి వెల్డింగు గొడవ ఎందుకని అడగదలచినవారు ఈ పేరాను మరొకసారి చదువుకోగలరు.

మాది చీనీ తోటల సీమ. బోర్లు అడుగంటిన ఏళ్లలో కాపు మీదున్న తోటలు నిలువునా ఎండి కట్టెల కింద పోయాయి. ముదిరిన తోట తీసివేసి కొత్త మొక్క నాటడం ఎప్పుడూ ఉన్నదే. పూర్వం గొడ్డలితో రోజులు పట్టిన పనిని ఇప్పుడు రంపం గంటల్లో తేలుస్తుంది. చీనీ చెట్టు పొట్టిది. కొమ్మలు కిందనుంచే గుబురుగా వస్తాయి. కోసేవాడు నడుము వంచి, ముళ్ల మధ్య చేయి దూర్చి, రంపాన్ని అడ్డంగా తిప్పి పట్టాలి. రంపంతో వచ్చిన పిడి ఈ పనికి అన్నివేళలా అనువుగా ఉండదు. కాబట్టి పిడి మార్పించుకోవాలనుకోవడం తప్పని నేననను. అమెరికా పడమటి తీరపు కొండవాలు అడవుల్లో చెట్లు కూల్చేవారు రంపం చుట్టూ తిరిగివచ్చే పిడిని వాడతారు. ఏ వైపు నిలబడి కోసినా చేతికి పట్టు దొరకాలని ఆ ఏర్పాటు. చేతిని బట్టి, నేలను బట్టి పిడి మారాలి. మార్చే పద్ధతి దగ్గరే మనవాళ్లు దారి తప్పుతున్నారు.

మంచి రంపాన్ని విప్పి చూడండి. పిడికీ ఇంజనుకూ నడుమ రబ్బరు బుష్షులో, స్ప్రింగులో ఉంటాయి. పూర్తి వేగంలో నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరిగే ఇంజను అదురును చేతికి చేరనీయకుండా ఆపేవి అవే. విరిగిన పిడి స్థానంలో పైపు పెట్టి, దాని కొనలను తిన్నగా ఇంజను ఒంటికి బిగించినప్పుడు ఆ బుష్షులు పనికిరాకుండా పోతాయి. అదురంతా ఎడమచేతి ఎముకల్లోకి ఎక్కుతుంది.

దీని ఫలితం లోకానికి కొత్త కాదు. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే అమెరికన్ వైద్యురాలు ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ పరిసరాల్లో గాలిసుత్తులతో సున్నపురాయి చెక్కే కార్మికులను పరీక్షించింది. చలివేళ వారి వేళ్లు పాలిపోయి, చచ్చుబడిపోయేవి. ఉలి పట్టిన ఎడమచేయి ఎక్కువగా దెబ్బతినేది. (మన కడప బండ కూడా సున్నపురాయి జాతిదే. బండ కోసేవారి చేతులను గురించి ఎవరైనా రాస్తే బాగుండును.) 1960ల దశకంలో ఇదే జబ్బు జపాను అడవి కూలీల్లో చైన్ రంపాల వల్ల బయటపడింది. రంపాల తయారీదారులు పిడికి రబ్బరు వేయడం మొదలుపెట్టింది ఆ దశకంలోనే. ఐరోపా సమాజం 2002లో నియమం చేసి, ఎనిమిది గంటల పనిదినానికి లెక్కగట్టిన అదురు సెకను వర్గానికి 5 మీటర్లు దాటరాదని హద్దు గీసింది.

"మన ఎండల్లో ఎవరి వేళ్లు తెల్లబడ్డాయండీ?" అంటారు. తెల్లబడటానికి చలి తోడు కావాలి. మన వాతావరణంలో పాలిపోవడం కనబడకుండానే నరాలు దెబ్బతింటాయి. తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండటం, రాత్రి నిద్రలో చేయి మొద్దుబారడం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం దాని ఆనవాళ్లు. కూలీ దాన్ని వయసు మీద తోస్తాడు, యజమాని తాగుడు మీద తోస్తాడు. పిడి మీద నింద పడదు.

ఇక అతుకు సంగతి. గేట్లు, గ్రిల్లులు చేసే ఆర్క్ వెల్డింగు చేతికి అల్యూమినియం లొంగదు. ఆ లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది. దాని మీద పొరగా ఉండే ఆక్సైడు మాత్రం 2000 డిగ్రీలు దాటితేగాని కరగదు. ఇనుము ఎర్రబడి హెచ్చరిస్తుంది. ఇది రంగు మారకుండానే ఉన్నట్టుండి జారిపోతుంది. పొరను స్టీలు బ్రష్షుతో గీకి, ఆర్గాన్ వాయువు నీడలో, ఏసీ కరెంటుతో అతకాలి. ఇంతా చేస్తే, వేడితో గట్టిపరచిన పైపయితే అతుకు చుట్టూ మెత్తబడి బలం చాలావరకు కోల్పోతుంది. కాబట్టి వంపు దగ్గర, భారం పడేచోట అతుకు ఉండరాదు. వంచదగినది వంచి, అతుకు తగ్గించాలి. చాలా రంపాల ఇంజను ఒళ్లు మెగ్నీషియం కలిసిన లోహం. దానికి అల్యూమినియం అతికితే గాజులా పెళుసవుతుంది, దాని రజను నిప్పంటుకుంటే నీళ్లు చల్లడం మరింత ప్రమాదం. వెనుకపిడి అనేక రంపాలలో పెట్రోలు ట్యాంకుతో కలిసే ఉంటుంది. దాని దగ్గర వెల్డింగు పెట్టించేవానికి ఏమని చెప్పాలి!

ఇంత విద్య ఎరిగిన వెల్డరును గేటు కూలి లెక్కన బేరమాడతారు. తప్పు అతనిది కాదు, అడిగింది చేసిపెడతాడు. రబ్బరు తీసేయమన్నది ఎవరు? "రబ్బరుంటే రంపం ఊగుతుంది, కోత తిన్నగా రాదు" అన్న యజమాని. అరిగిన రబ్బరు ఊగుతుంది నిజమే. అరిగిన చెప్పు జారుతుందని కాళ్లకు మేకులు కొట్టించుకుంటామా? "పేదవాళ్లం, కంపెనీ పిడి కొనలేం" అన్నది రెండో వాదం. కొనమని నేననలేదు. పైపు పిడే చేయించండి. దాని కొనలకు పలకలు అతికించి, వాటిని కొత్త బుష్షుల మీద బోల్టులతో బిగించమనండి. పైగా ఈ పేదరికం మాట రంపం పట్టేవాడు అనగా నేను వినలేదు. అద్దెకిచ్చేవాడే అంటాడు.

పాతసామాను తెచ్చి ఏదో ఒకటి అతికించిన ప్రతివానినీ గ్రామీణ ఆవిష్కర్త అని ఆకాశానికెత్తే రాతలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రాసేవారు ఆ యంత్రాన్ని ఒక పూట చేతబట్టి రాస్తున్నారా?

మరొకటి. కొత్త పిడి అడ్డొస్తున్నదని ముందుచేతి కవచాన్ని విప్పించేవారున్నారు. అది చేతికి కొమ్మలు తగలకుండా పెట్టిన రేకు మాత్రమే కాదు. పట్టా కొన కొయ్యకు తగిలి రంపం ఎగిరి ముఖం మీదికి వచ్చినప్పుడు, అది ముందుకు నెట్టబడితే గొలుసు ఆగుతుంది. పిడి వంపు దాని కదలికకు చోటు వదలాలి. విప్పి మూలన పడేసిన ఆ కవచాలు ముందు తగిలించండి. పిడి సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.