ఒకే రేవు, రెండు గతులు

ప్రవాసాంధ్రుల ప్రస్తావన వచ్చినపుడు "ఎంత ఆర్జించినారు?" అని అడుగుట మనకు పరిపాటి. ఆర్జించినది నిలుచుటకు ఆధారమేమని అడుగుట అరుదు.

యానామునకు పొరుగుననున్న కోరంగి రేవు పేరుతోనే మారిషస్‌లోను, బర్మాలోను తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచిరి. మారిషస్‌కు 1830ల నుండి చెరకుతోటల ఒప్పంద కూలీలుగా పోయిరి. రంగూనుకు మేస్త్రీల చేతిక్రింద రేవు పనులకు, ధాన్యపు మిల్లులకు పోయిరి. బర్మా దగ్గర, రాకపోకలు సులభము. నాడు రంగూను బాటయే మేలని తోచియుండును.

మారిషస్‌లో తొలితరము పడిన కష్టములు తక్కువవి కావు. కాని 19వ శతాబ్ది చివర తోటల భూములను ముక్కలుగా అమ్మినపుడు, భారతీయ కూలీలలో పలువురు కూడబెట్టిన సొమ్ముతో కొనిరి. 1968లో స్వాతంత్ర్యము వచ్చునాటికి వారి సంతతి ఓటుగల పౌరులు. 1977లో మాధ్యమిక విద్య ఉచితమైనది. నేడు ఉగాది అచ్చట ప్రభుత్వ సెలవుదినము.

రంగూనులో పెక్కుమందికి భూమియు లేదు, పౌరసత్వమును లేదు. 1930 నాటి రేవు అల్లర్లు, 1942లో యుద్ధభయముతో కాలినడకన తిరుగుప్రయాణము, 1964లో దుకాణముల జాతీయీకరణము — ఈ మూడు దెబ్బలకు తరముల కష్టార్జితము కరగిపోయినది.

నేడు గోదావరి తీరము నుండి గల్ఫుకు పోవు బాట రంగూను బాటను పోలినదే. విదేశీ కార్మికునకు అచ్చట సామాన్యముగా పౌరసత్వము దొరకదు. కావున అడవిపొలము నుండి ఎవరు పయనమైనను, వారు పంపు సొమ్ము మొదట పిల్లల చదువునకు, పిదప స్వగ్రామమున గజము భూమికి చేరవలెను. పెండ్లి పందిళ్ల ఆడంబరమునకు కాదు. కూలి కడుపు నింపును. చదువు, భూమి, ఓటు వంశమును నిలుపును.