నిజాము పేరిటి నౌక

హైదరాబాదు నగరమునకు సముద్రము చేరువలో లేదు. లాల్‌దర్వాజా వీధులలో పుట్టి పెరిగినవారిలో ననేకులు యుద్ధనౌకను కంటితో చూచియుండరు. అయినను ఈ నగర ప్రభువు పేరు ధరించిన నౌక యొకటి రెండవ ప్రపంచయుద్ధమున మహాసముద్రములను దాటినది. దాని పేరు ‘నిజాం’.

స్కాట్లండులో నిర్మింపబడిన యీ డిస్ట్రాయరు నౌకకు నాటి నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ధనసహాయము చేసెను. 1941 జనవరిలో అది ఆస్ట్రేలియా నౌకాదళమున చేరెను. ఆ సంవత్సరము మే నెలలో క్రీటు ద్వీపము జర్మనుల వశమగుచుండగా, ‘నిజాం’, దాని తోడి నౌక ‘నేపియర్’ కలిసి, విమానముల దాడికి వెరవక, ఒక్క ప్రయాణముననే సుమారు 1,400 మంది సైనికులను ఈజిప్టునకు చేర్చినవి. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా తీరమున మహాతరంగ మొకటి ‘నిజాం’ను ప్రక్కకు ఒరగద్రోసి, పదిమంది నావికులను పొట్టబెట్టుకొనెను. ఆ సెప్టెంబరులో జపాను లొంగిపోయినప్పుడు ఆ నౌక టోకియో అఖాతమున నుండెను. 1955లో దానిని తుక్కు క్రింద అమ్మివేసిరి.

ధనమిచ్చిన ప్రభువు పేరు నౌకకు పెట్టుట న్యాయమే కావచ్చును. కాని యంతటితో ఋణము తీరదు. ప్రభువు ధనమునకు మూలము ప్రజల శ్రమ. నౌక కీర్తికి మూలము నావికుల సాహసము. ఆ యుభయుల పేర్లును నౌకపై లేవు. ఆషాఢమున లాల్‌దర్వాజాలో బోనములెత్తు తల్లులు తమ బిడ్డల క్షేమమునే కోరుదురు. ఆ పదిమంది నావికులును అట్టి తల్లుల బిడ్డలే. కావున చరిత్ర చదువు విద్యార్థి నౌక పేరుతో తృప్తి చెందరాదు. దానివలన తీరము చేరినవారిని, దానిపైనుండి తిరిగిరానివారిని కూడ స్మరింపవలెను.