అదను తప్పినా ఉలవలు చల్లుకుందాము



క్రొత్త సంవత్సరపు రెండవ వారములో మేము ఒక సహోదరిని చూడడానికి ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లెకు వెళ్ళాము. గత వేసవిలో ఆమెకు షుగరు ఉన్నదని తెలిసింది. ఆ ఆదివారమే ప్రార్థన చేసుకొని, ఇక అన్నము ముట్టను, తీపి కన్నెత్తి చూడను అని దేవుని యెదుట ఒట్టు పెట్టుకొన్నది. ఆరు నెలలు ఆ మాట మీద నిలిచింది. పగలు రాగిసంగటి, రాత్రి జొన్నరొట్టె. పిల్లలు అన్నము తింటుంటే లేచి వాకిట్లోకి పోయేది.

క్రిస్మస్ ముందు రోజు కోడలు అత్తిరసాలు కాల్చి, రుచి చూడమని ఒకటి చేతిలో పెట్టింది. ఆమె తిన్నది.

"ఒకటి తిన్న్యాక ఒట్టు పాయె గదమ్మా. పోయినాక ఒకటైతే ఏమి, పదైతే ఏమి అనుకుంటిని" అని ఆమె మాతో చెప్పింది.

ఆ రాత్రి మొదలు అత్తిరసాలు, కజ్జికాయలు, మూడు పూటలా అన్నము. అంతటితో ఆగలేదు, మాత్రలు కూడా మానేసింది. సిగ్గుపడి డాక్టరు దగ్గరికి పోలేదు. ప్రభువు బల్లకు కూడా రాలేదు. "మాట తప్పినదాన్ని, ఏ మొగము పెట్టుకొని వస్తునమ్మా?" అన్నది. లేచి నడుస్తుంటే చూశాము, కాలికి గుడ్డ చుట్టి ఉన్నది. మడమ మీద మానని పుండు. ఆ సాయంత్రమే ఆమెను ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాము.

ఒక్క అత్తిరసము వలన ఇంత నష్టము జరగదు. దాని వెనుక వచ్చిన "అంతా పోయింది" అన్న తలంపే ఆమెను పుండు దాకా నడిపించింది. ఈ తలంపు ఆమె ఒక్కరిది కాదు. సోమవారము నుండి మొదలుపెడతామని ఆదివారము కడుపు పగిలేలా తినేవారు మనలో లేరా? శ్రమకాలము నలభై దినాలు కఠినముగా ఉండి, ఈస్టరు నాటి నుండి పగ్గము తెంచుకొనేవారు లేరా?

మన సీమలో దీనికి ఒక చరిత్ర కూడా ఉన్నది. కె.సి. కాలువ పారే ఊళ్ళను విడిచిపెడితే కర్నూలు, కడప మెట్ట పల్లెలలో జొన్న, కొర్ర, సజ్జ, రాగి మన పెద్దల కూడు. వరన్నము పండుగకే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన తరువాత ప్రతి పూటా అన్నమైనది. అప్పుడు సంగటి పేదరికానికి గుర్తు, అన్నము గౌరవము. ఇప్పుడు షుగరు రాగానే దానిని తలక్రిందులు చేసి, అన్నము పాపము, సంగటి పుణ్యము అంటున్నాము. రెండూ నిజము కాదు. బియ్యములో నూటికి సుమారు 78 పాళ్ళు పిండిపదార్థమైతే, రాగిలో 70 పాళ్ళ దరిదాపు ఉంటుంది. రాగిలో పీచు, సున్నము ఎక్కువ, అది మంచిదే. అయినా పెద్ద ముద్దలు మూడు తింటే సంగటి వలన కూడా చక్కెర పెరుగుతుంది. అసలు మన సంగటి ఎట్లా చేస్తాము? బియ్యమో నూకలో ఉడకబెట్టి, రాగిపిండి పోసి గెలుకుతాము. అన్నమూ రాగీ ఒక్క ముద్దలోనే ఉన్నాయి. వాటికి పగ పెట్టినది మనమే.

ఏలీయాను జ్ఞాపకము చేసుకొందాము (1 రాజులు 19). కర్మెలు మీద గొప్ప విజయము పొందినవాడు, ఒక్క బెదిరింపు వినగానే అరణ్యానికి పారిపోయి, బదరీవృక్షము క్రింద చావును కోరుకొన్నాడు. నమ్మకముగా మిగిలినది తానొక్కడేనని తరువాత మొరపెట్టుకొన్నాడు. అంతా పోయిందనే తలంపు ప్రవక్తను కూడా విడువలేదు. దేవుని దూత ఆయనను గద్దించలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పము, నీళ్ళు పెట్టి లేపాడు. తిని మళ్ళీ పడుకొంటే రెండవసారి వచ్చి లేపాడు. ఆ బలముతో ఆయన హోరేబు వరకు నడిచాడు. అక్కడ దేవుడు ఏడువేలమంది ఇంకా మిగిలే ఉన్నారని తెలియజేశాడు. పడిపోయినవానికి దేవుడు మొదట భోజనము పెట్టాడన్నది మనము మరువరాదు. ముట్టవద్దు, రుచి చూడవద్దు అనే ఆజ్ఞలు పైకి జ్ఞానముగా కనిపించినా శరీరేచ్ఛను అణచలేవని పౌలు కూడా కొలొస్సయులకు వ్రాశాడు (2వ అధ్యాయము).

ఇక కొన్ని పనికివచ్చే మాటలు.

ఒక పూట ఎక్కువ తింటే దానికి శిక్షగా మరుసటి పూట పస్తుండవద్దు. వేళకు మామూలు భోజనమే తినండి. పళ్ళెములో సగము ఆకుకూర, కూరగాయలు, పావు భాగము సంగటి గాని అన్నము గాని, పావు భాగము పప్పో గ్రుడ్డో చేపో పెట్టుకోండి. పండుగనాడు ఒక తీపి తినాలనుకొంటే భోజనముతో పాటు అందరి నడుమ కూర్చొని తినండి. చాటుగా తిన్నది ఒకటితో ఆగదు.

మాత్రలు ఎట్టి పరిస్థితిలోను మీ అంతట మీరు మానవద్దు. షుగరుకు మాత్రలు, ఇన్సులిను వాడేవారు శ్రమకాలములో ఉపవాసము ఉండదలిస్తే ముందుగా డాక్టరును అడగండి. చక్కెర పడిపోతే చెమటలు, వణుకు, కళ్ళు తిరగడము వస్తాయి, ప్రాణాపాయము కూడా. ఉపవాసము వద్దని డాక్టరు చెబితే అది విశ్వాసలోపము కాదు.

ఇంటివారికి ఒక మనవి. భోజనము దగ్గర "నీకు కూడదు గదా" అని కాపలా కాయవద్దు. ఇంటిల్లిపాదీ అదే కూర, అదే సంగటి తినండి. ఎవరైనా చాటుగా విపరీతముగా తింటున్నా, తిన్నది కక్కుకొంటున్నా, రోజుల తరబడి పస్తుంటున్నా అది జబ్బు. ప్రార్థన చేయండి, డాక్టరుకు చూపించండి.

మన రైతును చూడండి. వాన మోసము చేసి చెనిక్కాయకు అదను దాటిపోతే చేను బీడు పెట్టడు. వెనుక వచ్చిన వానకు ఉలవలు చల్లుతాడు. ఆ యేడు చెనిక్కాయ లేకపోయినా ఎద్దులకు మేత, ఇంటికి గింజలు వస్తాయి. తప్పిన పూట తరువాత వచ్చే పూట మనకు ఆ వెనుకటి వాన.

మొన్న ఆదివారము ఆ సహోదరి కొంచెము కుంటుతూ బల్ల దగ్గరికి వచ్చింది. పుండు మానుతున్నది. ఆరాధన అయ్యాక, "నిన్న మనమరాలి పుట్టినదినము. చిన్న లడ్డు ఒకటి తింటి. రాత్రికి మళ్ళీ మామూలుగా సంగటి తింటి" అన్నది. ఆరు నెలల ఒట్టు గురించి చెప్పినప్పటి కంటె ఈ మాట చెప్పినప్పుడు ఆమె ముఖములో ఎక్కువ సమాధానము చూశాము.

ప్రభువు మీ ఇంటి భోజనపు బల్లను దీవించునుగాక.