కొత్త జీటీ-ఆర్ వస్తే నేను ముందు చూసేది హార్స్‌పవర్ కాదు

2025 ఆగస్టు 26న జపాన్‌లోని తోచిగి ప్లాంట్ నుంచి చివరి నిస్సాన్ జీటీ-ఆర్ ఆర్35 బయటికి వచ్చింది. మిడ్‌నైట్ పర్పుల్ కలర్, ప్రీమియం ఎడిషన్ టీ-స్పెక్. 2007లో మొదలైన మోడల్ ఇది. 18 ఏళ్లలో దాదాపు 48,000 కార్లు తయారయ్యాయి. ఒక ఫోన్ 18 నెలలు మార్కెట్లో ఉంటేనే మనం "అబ్బా, పాతదైపోయింది" అంటాం. ఇది 18 ఏళ్లు నిలబడింది.

ఇది శాశ్వత వీడ్కోలు కాదని, జీటీ-ఆర్ పేరు మళ్లీ రావాలన్నదే తమ లక్ష్యమని నిస్సాన్ సీఈఓ ఇవాన్ ఎస్పినోసా అన్నారు. ప్లాన్ మాత్రం ఇంకా ఖరారు కాలేదని కూడా ఆయనే చెప్పారు. ఆ మాట చాలు కదా, ఇంటర్నెట్ నిండా రెండర్లే. ఆర్34 ముక్కు, లంబోర్గిని నడుము, వెనకాల నాలుగు గుండ్రటి లైట్లు. సగం ఏఐతో చేసినవని చక్రాల్లో బోల్టులు లెక్కపెడితేనే తెలిసిపోతుంది.

ఈ రెండర్లలో చాలావాటికి ఆధారం 2023 జపాన్ మొబిలిటీ షోలో చూపించిన హైపర్ ఫోర్స్ కాన్సెప్ట్. ఫుల్ ఎలక్ట్రిక్, సాలిడ్-స్టేట్ బ్యాటరీ, 1,000 కిలోవాట్ల పవర్. అంటే దాదాపు 1,340 హార్స్‌పవర్. స్పెక్ షీట్ చూస్తే నోరెళ్లబెట్టాల్సిందే. కానీ నాకు మాత్రం 1,000 కిలోవాట్లు అనేది 200 మెగాపిక్సెల్ కెమెరా లాంటి మాట అనిపిస్తుంది. బాక్స్ మీద బాగుంటుంది. ఫొటో ఎలా వస్తుందో మాత్రం చెప్పదు.

అసలు జీటీ-ఆర్ పవర్‌తో పేరు తెచ్చుకున్న కారు కాదు. 1989లో వచ్చిన ఆర్32నే తీసుకోండి. అందులో అటెసా ఈ-టీఎస్ అనే సిస్టమ్ ఉండేది. మామూలుగా వెనక చక్రాలే కారుని నడుపుతాయి. అవి జారుతున్నాయని సెన్సర్లు పసిగడితే కంప్యూటర్ కొంత టార్క్‌ని ముందు చక్రాలకి పంపిస్తుంది. ఆ కారు జపాన్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్‌లో 29 రేసులకి 29 గెలిచింది. "గాడ్జిల్లా" అని పేరు పెట్టింది ఒక ఆస్ట్రేలియన్ మ్యాగజీన్. 1999లో ఆర్34 డ్యాష్‌బోర్డ్ మధ్యలో 5.8 అంగుళాల స్క్రీన్ పెట్టారు. టర్బో బూస్ట్ ఎంత, ఆయిల్ టెంపరేచర్ ఎంత, అన్నీ లైవ్‌లో. మన దగ్గర ఫోన్ అంటే పచ్చ స్క్రీన్ మీద రెండు లైన్ల అక్షరాలుగా ఉన్న రోజులవి!

ఆర్35 ఇంకో అడుగు ముందుకేసింది. దాని మల్టీ-ఫంక్షన్ డిస్‌ప్లేని డిజైన్ చేసింది పాలిఫనీ డిజిటల్. అవును, గ్రాన్ టురిస్మో గేమ్ తీసినవాళ్లే. జపాన్ మోడల్‌లో గంటకి 180 కిలోమీటర్ల లిమిటర్ ఉంటుంది. కారు రేస్ ట్రాక్‌లో ఉందని జీపీఎస్ నిర్ధారిస్తే ఆ లిమిటర్ తీసేయొచ్చు. 2007లోనే ఈ ఐడియా ఎవరికొచ్చిందో గానీ, వాళ్లకి దండం పెట్టాలి.

అందుకే తర్వాతి జీటీ-ఆర్‌లో నేను ముందు చూసేది మధ్య స్క్రీన్‌నే. సైజు కాదు, అందులో ఏం చూపిస్తున్నారన్నది. ఇవాళ స్పోర్ట్స్ కార్లలో కూడా టాబ్లెట్ అతికించి, ఏసీ తగ్గించడానికి మూడు మెనూలు తిప్పిస్తున్నారు. జీటీ-ఆర్ స్క్రీన్ ఎప్పుడూ కారు లోపల ఏం జరుగుతోందో డ్రైవర్‌కి చెప్పడానికే ఉంది. హైపర్ ఫోర్స్‌కి కూడా గ్రాఫిక్స్ పాలిఫనీ డిజిటల్‌తో కలిసే చేశారు. ఆ కాన్సెప్ట్‌లో నాకు నిజంగా నచ్చింది అదొక్కటే.

మరి ఇంజిన్ సంగతి? ఇక్కడే ఫ్యాన్స్ రెండు గ్రూపులుగా కొట్టుకుంటున్నారు. నా ఓటు హైబ్రిడ్‌కి. పాత జీటీ-ఆర్‌లు ఎలా ఆగిపోయాయో చూస్తే కారణం అర్థమవుతుంది. 1973 నాటి 'కెన్‌మేరి' 197 కార్లకే ఆగింది, పొగ రూల్స్ దెబ్బకి. 2002లో ఆర్34 కథ కూడా అంతే. 2022లో ఆర్35 యూరప్ వదిలేసింది, ఈసారి సౌండ్ రూల్స్. పోటీ కార్లు ఓడించి పంపించింది లేదు, ప్రతిసారీ గేటు దగ్గర ఆపింది రూల్సే. ఉత్త పెట్రోల్ వీ6తో మళ్లీ వస్తే ఇంకో ఐదేళ్లలో అదే గేటు దగ్గర నిలబడాలి.

ఫుల్ ఎలక్ట్రిక్ అంటే బరువు. హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్ బ్రహ్మాండమైన కారే, ఫేక్ గేర్ షిఫ్టులు కూడా సరదాగా ఉంటాయి, కానీ బరువు 2,200 కిలోల దాకా ఉంటుంది. ఆర్35 సుమారు 1,740. దానికే "లావు" అని పేరు. సాలిడ్-స్టేట్ బ్యాటరీ ఈ సమస్యని తీరుస్తుందంటారు. నిస్సాన్ దానికి పెట్టుకున్న టార్గెట్ 2028 ఆర్థిక సంవత్సరం. కొత్త బ్యాటరీ మొదటి బ్యాచ్‌ని, సర్క్యూట్‌లో ల్యాప్ మీద ల్యాప్ వేయాల్సిన కారులో పెడతారా? నేనైతే పెట్టను.

పోర్షె ఏం చేసిందో చూడండి. 2024లో 911 జీటీఎస్‌ని హైబ్రిడ్ చేసింది. బ్యాటరీ కేవలం 1.9 కిలోవాట్-అవర్లు. పెరిగిన బరువు సుమారు 50 కిలోలు. టర్బో లోపలే ఒక మోటర్, గేర్‌బాక్స్‌లో ఇంకోటి. ఛార్జింగ్ కేబుల్ అవసరమే లేదు. జీటీ-ఆర్‌కైతే ముందు చక్రాలకి మోటర్లు పెట్టాలి. 1989లో అటెసా చేసిన పనే, ఈసారి ఇంకా వేగంగా. ఈ-4ఆర్స్ పేరుతో మోటర్ల ఆల్-వీల్ డ్రైవ్ నిస్సాన్ చేతిలో ఇప్పటికే ఉంది కూడా.

డిజైన్ గురించి ఒక్క మాట. రెట్రో వద్దు. ఆర్35 వచ్చినప్పుడు ఆర్34కి కాపీలా లేదు. గండమ్ రోబోల ప్రభావం ఉందని అప్పటి డిజైన్ హెడ్ షిరో నకమురా చెప్పారు. లైట్లు గుండ్రంగా ఉంచి మిగతాది మార్చేశారు. అదే దమ్ము ఇప్పుడూ కావాలి.

నాకు భయం వేసేది ధర దగ్గర. 2007లో ఆర్35 జపాన్ ధర 77.7 లక్షల యెన్‌లు. అమెరికాలో 69,850 డాలర్లతో మొదలైంది, 911 టర్బోకి అటూఇటూగా సగం. అందుకే అంత గొడవైంది. 2025 మోడల్ వచ్చేసరికి ధర 1.4 కోట్ల యెన్‌లు దాటేసింది. 2016లో ఇండియాకి వచ్చినప్పుడే ఎక్స్-షోరూమ్ 1.99 కోట్లు. మనలో చాలామంది ఈ కారుని రోడ్డు మీద కన్నా గేమ్‌లోనే ఎక్కువ నడిపాం. ఇక 1,340 హార్స్‌పవర్ లిమిటెడ్ ఎడిషన్ అంటే ధర ఎక్కడికి పోతుందో ఊహించుకోండి. కొన్నవాళ్లు కవర్ కప్పి గ్యారేజ్‌లో దాస్తారు. నిస్సాన్ 2024 ఆర్థిక సంవత్సరంలో 670 బిలియన్ యెన్‌లకి పైగా నష్టం చూసింది, 20,000 ఉద్యోగాలు తీసేస్తామంది. ఆ పరిస్థితిలో ఉన్న కంపెనీకి ఖరీదైన షో పీస్ అమ్ముకోవాలన్న టెంప్టేషన్ ఉంటుంది. అలా చేస్తే బ్యాడ్జ్ మాత్రమే తిరిగొస్తుంది.

2030కి ముందు వస్తుందని నేను అనుకోవడం లేదు. కెన్‌మేరి తర్వాత ఆర్32 కోసం ఫ్యాన్స్ 16 ఏళ్లు ఆగారు, మనమూ ఆగుదాం. ఈలోపు రెండర్లు ఎలాగూ వస్తూనే ఉంటాయి. వెనక లైట్లు కాకుండా మధ్య స్క్రీన్ మీద ఏముంటుందో ఎవరైనా గీస్తే నాకు పంపండి, తప్పకుండా చూస్తాను.